ఏ కాలేజీకి పోవాలె?

మొన్న మే నెల చివర గోదావరిఖనిలో మా చెల్లె ఇంటికి పోయాను. బొగ్గు నేల, పక్కన ఎన్.టి.పి.సి. పొగ గొట్టాలు, పైన రోహిణి కార్తె. ఎండ సంగతి వేరే చెప్పనక్కర లేదు. బావ మొదటి షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, నడుముకు బామ్ రాయించుకుంటున్నాడు. ఇంటర్మీడియట్ పాసైన మా మేనకోడలు చాప మీద నా ముందు మూడు కాగితాలు పరిచింది.

మొదటిది వాళ్ళ నాయిన దవాఖాన ఫైలు. ఇరవై ఆరేళ్ళు బాయి పని చేసిన మనిషి. నడుము పూసలు అరిగిపోయాయి. మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని తేల్చితే పిల్లకు ఉద్యోగం వస్తుందని అందరూ చెప్తున్నారు. రెండోది ఎంసెట్ ర్యాంకు కార్డు. దానికి పిన్ను కొట్టి, కంప్యూటర్ సీటు ఇప్పిస్తామన్న ఒక కాలేజీ వాళ్ళ పాంప్లెటు. మూడోది ఈ-మెయిలు ప్రింటు. వేరే రాష్ట్రంలోని ఒక చిన్న విశ్వవిద్యాలయం బి.ఏ.లో సీటు ఇచ్చింది. ఫీజులో మూడు వంతులు మాఫీ, హాస్టలు, మెస్సు మనమే కట్టుకోవాలి. ఒప్పుకుంటున్నట్టు చెప్పడానికి పది రోజుల గడువు. పరీక్ష ఉందని వాళ్ళ సీనియర్ చెబితే ఎవరికీ చెప్పకుండా రాసి వచ్చిందట.

"మామా, నాకు నచ్చింది సదువుతే తప్పా?" అని అడిగింది.

ఏ సీటు మంచిదని అడిగితే ఏదో ఒకటి చెప్పి బయటపడేవాణ్ణి. తప్పా అని అడిగింది. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు పాఠాలు చెప్తున్నాను. ఈ ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు దొరకలేదు. "ఆలోచించి చెప్త బిడ్డా" అన్నాను. ఆ ఆలోచనే ఈ వ్యాసం. ఇట్లాంటి ప్రశ్న మన ఇళ్ళలో, మన హాస్టళ్ళలో ప్రతి ఎండాకాలం ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు కాబట్టి అందరి ముందు పెడుతున్నాను.

ముందు బావ వైపు నుంచి చూద్దాం. ఎందుకంటే ఇట్లాంటి వ్యాసాల్లో తండ్రుల మాట చాలాసార్లు తేలికగా కొట్టేస్తారు.

మేము నాయకపోడులం. మా తాత కాలంలో మాకు భూమి ఉన్నదన్న మాటే గానీ కాగితం లేదు. 1960ల మొదట్లో గోదావరి ఒడ్డున బొగ్గు తవ్వడం మొదలైనాక మా నాయిన తట్టా చెమ్మాస్ పట్టి టబ్బులు నింపే పనికి ఎక్కాడు. ఆ మస్టరు మీదే మాకు బియ్యం, ఆ మస్టరు మీదే నా చదువు. సింగరేణి ఉద్యోగం మా ఇంట్లో మొదటిసారి నెలకు ఒక తారీఖును తెచ్చింది. నెల మొదట్లో జీతం వస్తుందన్న నమ్మకం ఎట్లాంటిదో, అది లేకుండా బతికినవాళ్ళకే తెలుసు. అట్లాంటి నమ్మకాన్ని కూతురికి ఇచ్చి పోదామని బావ అనుకుంటే అది అజ్ఞానం కాదు. ఆయన దగ్గర ఉన్న ఆస్తి అదొక్కటే.

అయితే ఆ ఆస్తి ఎంత గట్టిదో కూడా చూడాలి. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా ఉద్యోగులు ఉండేవారు. ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. బొగ్గు తగ్గలేదు, మనుషులు తగ్గారు. భూగర్భ గనుల చోట ఓపెన్ కాస్టులు వచ్చాయి, చెమ్మాస్ చోట షావెల్, డంపర్ వచ్చాయి, పర్మినెంటు చోట కాంట్రాక్టు వచ్చింది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో న్యాయస్థానం కొట్టేసింది. ఆ తర్వాత కారుణ్య నియామకాల పేరుతో దారి నడుస్తున్నది. పక్కనే రామగుండం ఎరువుల కర్మాగారం ఉంది. 1999లో మూతపడితే క్వార్టర్లు ఖాళీ అయి, చెట్లు మొలిచిన సంగతి మన కళ్ళ ముందరిదే. మళ్ళీ అదే జాగాలో కొత్త కంపెనీ ఎరువు తీయడానికి 2021 దాకా పట్టింది. ఇరవై రెండేళ్ళంటే ఒక తరం. కంపెనీ ఉద్యోగం భద్రమే, కానీ ఎప్పటికీ భద్రం కాదు. బి.టెక్. కూడా అంతే. కంప్యూటర్ సీటు అనగానే ఉద్యోగం అనుకుని లక్షలు పోసి, డిగ్రీ చేతిలో పట్టుకుని కోచింగు సెంటర్ల చుట్టూ తిరుగుతున్న పిల్లలు ఖని చౌరస్తాలో ఎంతమంది ఉన్నారో మీరే లెక్కపెట్టండి.

ఇక మూడో కాగితం. బి.ఏ. అనగానే మనవాళ్ళ ముఖం ఎట్లా మారుతుందో తెలుసు కదా. "ఏం రాకపోతే బి.ఏ." అన్నది మన దగ్గర సామెత లాంటిది. నేను కూడా బి.ఏ.నే. ఏ కాలేజీ అన్నది చెప్పను. మూడేళ్ళలో నాకు గుర్తున్నది నోట్సు. సారు చెప్తుంటే రాసుకునుడు, పరీక్ష ముందు గైడు కొనుక్కునుడు. ఒక ప్రశ్న అడిగితే ఒక లెక్చరర్, "నీకెందుకయ్యా ఇవన్నీ, మీకు పాసైతే చాలు, రిజర్వేషన్ ఉంది" అన్నాడు. కోపంగా అనలేదు, ప్రేమగానే అన్నాడు. అందుకే ఇంకా గుచ్చుకుంటుంది. నాకు ఆలోచన అక్కర లేదని ఆయన నిజంగానే నమ్మాడు.

మేనకోడలికి వచ్చిన సీటు ఆ రకం బి.ఏ. కాదు. ఇట్లాంటి కాలేజీలను లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు అంటున్నారు. మన దేశంలో ఈ మధ్యనే పెరుగుతున్నాయి. బెంగళూరులో అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం 2010లో చట్టం ద్వారా ఏర్పడింది. హర్యానాలో అశోకా 2014లో మొదలైంది. మన పక్కనే ఆంధ్రప్రదేశ్ శ్రీసిటీలో క్రియా 2018లో వచ్చింది. పేర్లు వేరైనా పద్ధతి ఒకటే. చరిత్ర చదివే పిల్ల గణితం కూడా కొంత చదవాలి, ఆర్థికశాస్త్రం చదివే పిల్లడు సాహిత్యం చదవాలి. తరగతిలో తక్కువ మంది ఉంటారు. పుస్తకం చదివి వచ్చి మాట్లాడాలి, వారం వారం రాయాలి, రాసింది సారు దిద్ది ఎందుకు తప్పో చెప్తాడు. ఏ సబ్జెక్టు ప్రధానమో మొదటి ఏడాది అయినాక తేల్చుకోవచ్చు. ఆ ప్రింటులో ఒక లైను చూపించి మా మేనకోడలు అడిగింది: "చివరి సంవత్సరం మనకు నచ్చిన దాని మీద పరిశోధన చెయ్యాల్నట. మన లక్ష్మీదేవర ముఖాల మీద రాయొచ్చా మామా?" మా కొలుపులో ఊరేగించే ఆ చెక్క ముఖాల గురించి పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యం నేను చదవలేదు, చెప్పలేదు.

లిబరల్ అన్న మాట పుట్టుక తెలుసుకుంటే అసలు ప్రశ్న అర్థమవుతుంది. పాత రోమ్‌లో స్వేచ్ఛగా బతికే మనిషి నేర్చుకోదగిన విద్యలు అని దానికి అర్థం. తర్కం, వ్యాకరణం, వక్తృత్వం, గణితం లాంటివి. బానిసకు ఇవి ఎందుకు? వాడికి పని నేర్పితే చాలు. అంటే ఈ చదువు మొదటి నుంచే మనుషులను రెండుగా చీల్చింది. తీర్పు చెప్పేవాళ్ళు ఒక వైపు, చెప్పిన పని చేసేవాళ్ళు ఒక వైపు. నాకు ప్రేమగా సలహా ఇచ్చిన లెక్చరర్ తనకు తెలియకుండానే ఆ గీత మీద నిలబడి మాట్లాడాడు.

ఈ గీత మీద పెద్ద వాదమే జరిగింది, అమెరికాలోని నల్లజాతివారి మధ్య. బానిసత్వంలో పుట్టిన బుకర్ టి. వాషింగ్టన్ 1881లో టస్కీగీలో బడి పెట్టాడు. పిల్లలు ఇటుకలు కాల్చి, గోడలు కట్టి, తమ బడి భవనాలు తామే లేపారు. ముందు చేతిపని, ముందు సంపాదన, తర్వాతే మిగతావి అన్నది ఆయన దారి. డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ ఒప్పుకోలేదు. హార్వర్డ్ నుంచి 1895లో డాక్టరేటు పొందిన మొదటి నల్లవాడు ఆయన. చేతిపని ఒక్కటే నేర్పితే ఆ చేతులను ఎవరు ఏ పనికి వాడుతున్నారో అడిగేవాళ్ళు మనలో మిగలరని 1903లో పుస్తకం రాసి మరీ వాదించాడు. వాషింగ్టన్‌ను తిట్టడం తేలిక. కానీ ఆకలితో ఉన్న మనుషుల ముందు నిలబడి ఆయన మాట్లాడాడు. మా బావ కూడా అక్కడి నుంచే మాట్లాడుతున్నాడు. ఇద్దరి మాటలో నిజం ఉంది. అందుకే ఇది నైతిక ప్రశ్న అయింది. ఒకరిది వట్టి తప్పయితే ప్రశ్నే లేదు.

మన దేశంలో అంబేడ్కర్ ఈ ప్రశ్నను ఎట్లా తేల్చాడో చూడండి. 1913లో బరోడా స్కాలర్‌షిప్ మీద కొలంబియాకు పోయి ఆయన చదివింది ఆర్థికశాస్త్రం, సమాజశాస్త్రం, చరిత్ర, తత్వశాస్త్రం. తిరిగి వచ్చినాక తన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ తరఫున 1946లో బొంబాయిలో పెట్టిన మొదటి కాలేజీ సిద్ధార్థ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ. 1950లో ఔరంగాబాదులో మరొకటి పెట్టాడు. అప్పుడు ఔరంగాబాదు, మన రామగుండం రెండూ ఒకటే హైదరాబాదు రాష్ట్రం. అత్యంత పేదల పిల్లల కోసం కాలేజీ పెడుతూ ఆయన వృత్తి శిక్షణతో సరిపెట్టలేదు. ఆదివాసీలలో జైపాల్ సింగ్ ముండా ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, 1928 ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు కెప్టెన్‌గా వెళ్ళాడు, తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్నాడు. ప్రజాస్వామ్యం ఆదివాసులకు నేర్పాల్సిన పని లేదు, వాళ్ళ దగ్గరే నేర్చుకోవాలన్న మాట అక్కడ నిలబడి అనగలిగాడు. ఆ మాట అనడానికి రెండు కావాలి. తన ఊరి పద్ధతి తెలిసి ఉండాలి, ఎదుటివాళ్ళ పుస్తకాలు చదివి ఉండాలి.

మన దగ్గరి ఉదాహరణ ఇంకా చిన్నది, ఇంకా గట్టిది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ చనిపోయాక, 1943లో మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ చేతుల మీదుగా గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. అక్షరం రాని యువకులకు గోండీలోనే వాచకాలు తయారు చేసి, వాళ్ళనే పంతుళ్ళను చేశారు. గుడిసెల్లో నడిచిన ఆ కేంద్రాన్ని ఎవరూ లిబరల్ ఆర్ట్స్ అనలేదు. కానీ తక్కువ మంది, దగ్గరి గురువు, సొంత భాష, సొంత ప్రశ్న అన్న నాలుగూ అక్కడ ఉన్నాయి. కాగితం చదవలేక భూమి పోగొట్టుకున్న జనానికి కాగితం చదివే మనుషులు కావాలన్నదే ఆ ప్రశ్న.

ఆ అవసరం తీరిపోయిందా? మన బొగ్గు బెల్టులోనే చూద్దాం. ఒక కొత్త ఓపెన్ కాస్టు పెట్టాలంటే 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. షామియానా వేస్తారు, మైకు పెడతారు. నివేదిక వందల పేజీలు, ఇంగ్లీషులో. తెలుగులో దొరికేది సారాంశం. నీటిమట్టం ఎంత పడిపోతుంది, మట్టి దిబ్బ ఎక్కడ పోస్తారు, బ్లాస్టింగుకు ఇళ్ళు ఎంత దూరం అన్నవి ఆ పేజీల్లోనే ఉంటాయి. మనవాళ్ళు మైకు ముందుకు పోయి ఉద్యోగాలు అడుగుతారు, కన్నీళ్ళు పెట్టుకుంటారు. నూట ఇరవయ్యో పేజీలో మీరు రాసిన లెక్క తప్పు అని అడిగేవాళ్ళు చాలా తక్కువ. 1/70 చట్టం, 1996 నాటి పెసా, 2013 భూసేకరణ చట్టం మన పక్షాన ఉన్నాయని అంటాం. చట్టం పక్షాన ఉంటే సరిపోదు, దాన్ని చదివి, అర్థం చేసుకుని, అవతలివాళ్ళ వాదాన్ని విని, జవాబు రాసే మనిషి కావాలి. చదవడం, ప్రశ్నించడం, రాయడం మనకు విలాసం అనేవాళ్ళు ఒక్కసారి ఆ షామియానా కింద కూర్చుని రావాలి.

ఇంజనీరింగు చదివినవాళ్ళు ఈ పని చేయలేరా అని అడగవచ్చు. చేయగలరు, చేస్తున్నారు కూడా. మన పిల్లలందరూ బి.ఏ.కే పోవాలని నేను అనడం లేదు. నర్సింగు చదివే పిల్ల, ఐ.టి.ఐ. చదివే పిల్లడు, మైనింగు డిప్లొమా చేసే పిల్లడు మనకు కావాలి. తేడా ఎక్కడంటే, ఉన్నవాళ్ళ ఇళ్ళలో ఒక పిల్ల చరిత్ర చదువుతానంటే అది ఆమె ఇష్టం. మన ఇళ్ళలో అదే మాట అంటే తప్పు అవుతుంది. ఒక జాతి మొత్తంలో ఆ చదువు ఎంచుకునే ధైర్యం ఎవరికీ లేకపోతే, అప్పుడు మన గురించి రాసేవాళ్ళు, మన తరఫున మాట్లాడేవాళ్ళు ఎప్పుడూ వేరేవాళ్ళే అవుతారు.

ఇంతవరకు రాసి నేను ఆగిపోయాను. వాదం బాగానే కుదిరింది. కానీ నా పాత విద్యార్థి ఒకడు గుర్తుకు వచ్చాడు.

ఐదేళ్ళ కింద వాణ్ణి ఇట్లాంటి ఒక కాలేజీకి నేనే ఉబ్బించి పంపాను. మంచి మార్కుల పిల్లడు. రెండో సెమిస్టరులో ఇంటికి వచ్చి మళ్ళీ పోలేదు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. తరగతిలో పదిహేను మంది. పధ్నాలుగు మంది ఇంగ్లీషు బడుల నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళు నవ్విన జోకు వీడికి అర్థం కాదు. అందరూ చదివిన పుస్తకాల పేర్లు వీడు విననే లేదు. పెద్ద కాలేజీలో అయితే వెనక బెంచీ ఉంటుంది, మన లాంటివాళ్ళు పదిమంది ఉంటారు. చిన్న తరగతిలో దాక్కునే జాగా లేదు. "సార్, అందరు నన్ను మంచిగనే చూసిండ్రు. గనీ ఎవరూ నాతోని కూసోలె" అన్నాడు. ఇప్పుడు కాంట్రాక్టు పనికి పోతున్నాడు. ఎదురుపడితే నమస్తే పెడతాడు. నాకే తల ఎత్తబుద్ధి కాదు.

ఆ రోజు వాడు నష్టపోయాడు. నా జీతం నాకు వచ్చింది. సలహా ఇచ్చేవాళ్ళకు ఉండే చిక్కు ఇదే. ఉన్నవాళ్ళ పిల్లడు ఒక కోర్సు మధ్యలో వదిలేస్తే ఇంకో కోర్సులో చేరతాడు. మన పిల్లడికి అవకాశం ఒకేసారి వస్తుంది. ఇద్దరికీ ఒకటే ధైర్యం చెప్పడం న్యాయం కాదు. కలలు కనమని వేదికల మీద చెప్పి పోయే మనలాంటి టీచర్లు, ఆ కల చెదిరితే నష్టంలో ఎంత వాటా పంచుకుంటామో కూడా చెప్పాలి. వాటా లేని సలహా, ఎంత మంచిదైనా, సగం సలహానే.

అట్లాగే ఇప్పటిదాకా మనం పిల్ల ఏం చేయాలని మాత్రమే మాట్లాడుకుంటున్నాం. కాలేజీ ఏం చేయాలి? కొన్ని కాలేజీలు ఈ ప్రశ్న తమను తాము అడుక్కున్నాయి. అమెరికాలో కెంటకీ రాష్ట్రం మన లాగే బొగ్గుకు పేరు. అక్కడి కొండ ప్రాంతాల అంచున బెరియా అనే చిన్న కాలేజీ ఉంది. బానిసత్వాన్ని వ్యతిరేకించినవాళ్ళు 1855లో పెట్టారు. 1892 నుంచి ట్యూషన్ ఫీజు తీసుకోవడం లేదు. చేరిన ప్రతి విద్యార్థీ వారానికి కనీసం పది గంటలు కాలేజీలోనే పని చేయాలి. అందరూ చేస్తారు కాబట్టి పని చేసే పిల్ల తక్కువది అన్న మాట రాదు. ఆ కాలేజీలో నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు కలిసి చదివేవారు. 1904లో రాష్ట్రం అట్లా చదవకూడదని చట్టం చేసింది. సుప్రీంకోర్టు దాకా పోయి 1908లో కాలేజీ ఓడిపోయింది. 1950లో చట్టం మారేదాకా నల్ల విద్యార్థులు తిరిగి రాలేకపోయారు. మంచి కాలేజీ కూడా ఒంటరిగా గెలవలేదని దీని అర్థం. ఇంకొకటి, నవాహో ఆదివాసులు 1968లో తమ నేల మీద తామే కాలేజీ పెట్టుకున్నారు. దాన్ని ఇప్పుడు డినే కాలేజీ అంటారు. అమెరికాలో ఒక ఆదివాసీ జాతి పెట్టుకున్న మొదటి కాలేజీ అదే. వాళ్ళ నేల కింద కూడా బొగ్గే. అక్కడి పెద్ద గని 2019లో మూతపడింది. గని పోయింది, కాలేజీ ఉంది.

మన దగ్గర? 2014 విభజన చట్టంలో ఇచ్చిన గిరిజన విశ్వవిద్యాలయం హామీకి 2023 చివరలో చట్టం అయింది. ములుగులో సమ్మక్క సారక్క పేరుతో మొదలైంది. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో మనకు 7.5 శాతం సీట్లు హక్కు. ప్రైవేటు విశ్వవిద్యాలయాలు అట్లా ఇచ్చి తీరాలన్న కేంద్ర చట్టం లేదు. వాళ్ళు ఇచ్చేది దయ, మనకు కావాల్సింది హక్కు. రాష్ట్రంలో గిరిజన గురుకుల డిగ్రీ కాలేజీలు ఉన్నాయి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీ గోదావరిఖనిలోనే ఉంది. అక్కడ కూడా ఇరవై మందిని కూర్చోబెట్టి పుస్తకం చదివించి మాట్లాడించే ఒక్క సారు ఉంటే, ఆ గది వరకు అది చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీనే. గనులున్న జిల్లాలకు 2015 చట్టంతో ఖనిజ నిధి ట్రస్టు డబ్బు వస్తున్నది. దాన్ని ముందుగా ఖర్చు పెట్టాల్సిన రంగాల్లో చదువు ఒకటి. ఆ డబ్బుతో ప్రహరీ గోడలతో పాటు లైబ్రరీలు, మంచి అధ్యాపకులు కూడా రావాలని అడగాల్సింది మనమే. మన పిల్ల రెండు రాష్ట్రాలు దాటి పోవాల్సి రావడం ఆమె తప్పు కాదు, మన అందరి అప్పు.

ఇవన్నీ అనుకున్నాక, మళ్ళీ గోదావరిఖని పోయి మేనకోడలితో కూర్చున్నాను. తీర్పు చెప్పలేదు. ఇద్దరం కలిసి ఆ కాలేజీని అడగాల్సిన ప్రశ్నలు రాశాం. మీకూ పనికి వస్తాయని ఇక్కడ పెడుతున్నాను.

ఫీజు మాఫీ మొదటి ఏడాదికా, అన్ని ఏళ్ళకా? ఒక సబ్జెక్టు తప్పితే మాఫీ పోతుందా? హాస్టలు, మెస్సు, పుస్తకాలు, రైలు ఖర్చు కలిపితే ఏడాదికి మొత్తం ఎంత? (పర్మినెంటు కార్మికుల జీతం ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఆదాయ పరిమితిని దాటుతుంది. కాంట్రాక్టు కార్మికుల పిల్లలు ఆ దారి కూడా చూసుకోవాలి.) విశ్వవిద్యాలయానికి యు.జి.సి. గుర్తింపు ఉందా? ఎస్టీ పిల్లలు ఎంతమంది చేరారు, వాళ్ళలో ఎంతమంది పూర్తి చేశారు? ఇంగ్లీషు రాని పిల్లలకు మొదటి ఏడాది ఏం చేస్తారు? అవమానం జరిగితే ఎవరి తలుపు తట్టాలి? చదువు అయినాక ఆ పిల్లలు ఏం చేస్తున్నారు? చివరిది, అక్కడ చదువుతున్న మన లాంటి పిల్ల ఒకరి ఫోను నంబరు, ఆమె ఒప్పుకుంటే, ఇప్పిస్తారా? రంగుల పుస్తకంలో చెట్ల కింద నవ్వుతున్న పిల్లల ఫోటోల కన్నా ఆ ఒక్క ఫోను కాల్ ఎక్కువ చెప్తుంది.

ఫోను చేసి అడిగింది. చాలా వాటికి సూటిగా జవాబు చెప్పారు. ఎంతమంది పూర్తి చేశారన్న దానికి కనుక్కుని చెప్తామన్నారు, ఇంకా చెప్పలేదు. జార్ఖండ్ నుంచి వచ్చి అక్కడ చదువుతున్న ఒక ఆదివాసీ పిల్లతో మాట్లాడించారు. "మొదటి ఆరు నెలలు రోజూ ఏడ్చాను, ఇప్పుడు నేనే కొత్తవాళ్ళతో పోయి కూర్చుంటున్నాను" అని ఆ పిల్ల చెప్పిందట.

ఇప్పుడు "తప్పా?" అన్న ప్రశ్న. నేను మేనకోడలితో చెప్పింది ఇది. మీ నాయినకు నువ్వు అప్పు ఉన్నావు, అది నిజం. లేదనే చదువు మంచిది కాదు. కానీ ఆ అప్పు ఎట్లా తీర్చాలో నిర్ణయించే మాటలో నీకూ చోటు ఉండాలి. నీ ఇష్టం తప్పు కాదు. ఆ ఇష్టం ఖరీదు ఎవరు మోస్తారో చూడకుండా కళ్ళు మూసుకుంటే తప్పు. నువ్వు పోతే మీ నాయిన నొప్పి నడుముతో ఇంకా కొన్నేళ్ళు బాయికి పోవాలి. పదో తరగతి చదివే నీ తమ్ముడి మీద ఉద్యోగం బరువు పడవచ్చు, వాడికీ రేపు ఒక ఇష్టం ఉంటుంది. ఇవన్నీ నాయిన ముందు నోరు తెరిచి చెప్పి, ఆయన మాట విని, అప్పుడు ఎంచుకో. దొంగచాటుగా పరీక్ష రాసినట్టు దొంగచాటుగా పోవద్దు.

నా వాటా కూడా చెప్పాను. హాస్టలు డిపాజిటు నా చిట్టి డబ్బులోంచి. మొదటి ఏడాది రెండు నెలలకోసారి నేను పోయి చూసి వస్తాను. మధ్యలో తిరిగి రావాల్సి వస్తే అది ఓడిపోవడం కాదని చెప్పి, మళ్ళీ ఇక్కడ సీటు వెతికే పని నాది. నా పాత విద్యార్థికి ఇవేవీ నేను చేయలేదు.

ఆ రాత్రి ఇంట్లో మాట్లాడుకున్నారు. బావ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నేను అన్‌ఫిట్ అయితే నీకు నౌకరి అస్తది. నువ్వు గది వద్దంటున్నవు. రేపు నన్ను అనొద్దు" అన్నాడు. "అనను నాయినా" అంది పిల్ల. ఒప్పుకున్నట్టేనా అని నాకు సందేహం. కానీ మర్నాడు షిఫ్టు నుంచి వస్తూ రేకు పెట్టె ధర కనుక్కుని వచ్చాడు.

మా చెల్లె మాత్రం ఒక షరతు పెట్టింది. "నువ్వేం జదువుతున్నవో సెలవులకు అచ్చినప్పుడల్లా నాకు సమజయ్యేటట్టు చెప్పాలె. నాకు సమజ్ గాకపోతే నువ్వు మంచిగ సదువుతలేవన్నట్టే."

ఏ కాలేజీ అయినా, పెద్దదైనా చిన్నదైనా, ఇంతకన్నా గట్టి పరీక్ష పెడుతుందని నేను అనుకోను. దసరా సెలవులకు పిల్ల వస్తుంది. చెల్లెకు ఏం చెప్తుందో వినడానికి నేనూ పోతున్నాను. తమ్ముడి సంగతి ఇంకా తేలలేదు. వాడు ఈ మధ్య నన్ను చూసి ఏదో అడగబోయి ఆగిపోతున్నాడు. ఈసారి వాడు అడిగేదాకా ఆగకుండా నేనే కూర్చోబెట్టి అడగాలి.